కంపెనీ ప్యాటర్న్ అన్ని చోట్లా ఒకేలా కనిపించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

గీతలు, గళ్ళు, త్రికోణాలు, వలయాలు ఏవైనా సరే, ఒక జ్యామితీయ ప్యాటర్న్‌ను కంపెనీ గుర్తుగా వాడాలనుకునే వాళ్ళకీ, వాడుతూ తలనొప్పులు పడుతున్న వాళ్ళకీ పనికొచ్చే జవాబులివి. వరుసగా చదవక్కర్లేదు. మూడో ప్రశ్న మాత్రం వదలొద్దు, మిగతా జవాబుల్లో సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

లోగో ఉంది కదా, మళ్ళీ ప్యాటర్న్ ఎందుకు?

లోగో ఒక చోట ఒకసారి కనపడితేనే అందం. డబ్బా పక్కలు, స్టాల్ గోడ, ఫోల్డర్ లోపలి వైపు, ప్రజెంటేషన్‌లో విభాగాల మధ్య వచ్చే స్లయిడ్ లాంటివి నింపడానికి లోగోనే పదే పదే పరిస్తే దాని విలువ పోతుంది. ప్యాటర్న్ పనికొచ్చేది అక్కడే. పేరు కనపడకపోయినా ఫలానా వాళ్ళదని తెలియాలి. బ్రిటన్ దుస్తుల కంపెనీ బర్బెర్రీ గళ్ళు 1920లలో కోటు లోపలి లైనింగ్‌గా మొదలయ్యాయి. ఇవాళ ఆ గళ్ళు చూసి పేరు చెప్పేవాళ్ళలో చాలామంది ఆ కోటు ఎప్పుడూ తొడిగి ఉండరు.

అయితే ఆ గుర్తింపు ఊరికే రాదు. పేరే ఇంకా ఎవరికీ తెలియని కంపెనీకి ప్యాటర్న్ ఒక్కటే ఏమీ చేసిపెట్టదు. జనానికి అలవాటయ్యే దాకా లోగో, ప్యాటర్న్ ఒకే చూపులో కనపడేలా పెట్టాలి. ఇంకో మాట: ప్యాటర్న్ అసలు అక్కర్లేని కంపెనీలూ ఉన్నాయి. మీ ప్రచారమంతా మంచి ఫొటోల మీదే నడుస్తుంటే, వాటి పక్కన గళ్ళూ గీతలూ పెట్టడం రెండింటికీ నష్టమే.

ఏ ఆకారం ఎంచుకోవాలి?

ముందుగా మీ లోగోలోకి చూడండి. అందులో ఒక అక్షరం 30 డిగ్రీల వాలుతో కోసి ఉండొచ్చు, ఒక మూల గుండ్రంగా తిరిగి ఉండొచ్చు, రెండు గీతల మధ్య ప్రత్యేకమైన ఖాళీ ఉండొచ్చు. ఆ వాలునో, వంపునో, ఖాళీనో పట్టుకుని ప్యాటర్న్ కడితే రెండూ ఒకే ఇంటివని చెప్పకుండానే తెలుస్తుంది. బయటి నుంచి తెచ్చిన ఆకారం ఎంత అందంగా ఉన్నా అద్దెకొచ్చినట్టే ఉంటుంది.

షడ్భుజాలు, చుక్కల్ని కలిపే సన్నటి గీతల వలలు, త్రికోణాల మెష్: ఈ మూడూ టెక్నాలజీ కంపెనీలు వాడీ వాడీ అరగదీసేశాయి. వాడకూడదని కాదు గానీ, వాడితే వేరే ఎక్కడైనా తేడా చూపించాలి.

గళ్ళ లాంటి పాత సరుకుతోనే కొత్తగా ఎలా చేయొచ్చో చూడాలంటే టోక్యో 2020 ఒలింపిక్స్ చిహ్నం చూడండి. అసావో టొకోలో రూపొందించిన ఆ చిహ్నం 2016లో ఎంపికైంది. జపాన్‌లో ఎప్పటి నుంచో ఉన్న ఇచిమత్సు గళ్ళే దానికి ఆధారం. మూడు రకాల చతురస్రాకార, దీర్ఘచతురస్రాకార ముక్కలు, మొత్తం 45. అవే 45 ముక్కల్ని ఇంకోలా పేరిస్తే పారాలింపిక్స్ చిహ్నం అయింది. రంగు ఒక్కటే, నీలిమందు నీలం. కొత్త ఆకారం ఒక్కటి కూడా కనిపెట్టలేదు, పేర్చే నియమం మాత్రం వాళ్ళదే.

ఒక ఆకారాన్ని జరిపి, తిప్పి, తిరగేసి సమతలం మొత్తం పరిచే పద్ధతులు గణితం ప్రకారం 17 మాత్రమే. 1891లో ఫ్యోదొరోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఈ సంగతి నిరూపించాడు. కాబట్టి ‘ప్రపంచంలో ఎవరూ చేయని అమరిక’ కోసం నెలలు ఖర్చు పెట్టకండి. మీకంటూ మిగిలేవి కొలతలు, రంగులు, వాడే చోటు.

ఒకే ఫైల్ అందరికీ పంపితే ఒకేలా ఉంటుంది కదా?

ఉండదు. ఎక్కువ కంపెనీల్లో గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఫైల్‌ను విజిటింగ్ కార్డు వేసేవాళ్ళు కుదించి వేస్తారు, ప్యాటర్న్ కాస్తా బూడిద రంగు దుమ్ములా మారుతుంది. స్టాల్ కట్టేవాళ్ళు దాన్నే గోడంత సాగదీస్తారు, గోడ మొత్తానికి రెండున్నర త్రికోణాలు వస్తాయి. స్లయిడ్లు చేసేవాళ్ళు చోటుకు సరిపోవాలని ఒక వైపుకు లాగుతారు, వలయాలు కోడిగుడ్లవుతాయి. అందరూ మీరిచ్చిన ఫైలే వాడారు. పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వేర్వేరు కంపెనీల సరుకులా ఉంటుంది.

అందుకే ఫైల్ కంటే ముందు నియమం తయారు కావాలి. ఏది మారకూడదు, ఏది మారొచ్చు అన్నది ముందే తేలాలి. మారకూడనివాటిలో నా లెక్క ప్రకారం మొదటిది గీత మందానికీ ఖాళీకీ ఉన్న నిష్పత్తి. కన్ను ఆకారం కంటే ముందు ఈ నలుపు తెలుపుల సాంద్రతనే పట్టుకుంటుంది. తర్వాత వాలు కోణం. ఆ తర్వాత ఏ రంగు ఏ రంగుతో జత కట్టాలి, ఏది ఎంత వాటా తీసుకోవాలి అన్నది. చివరగా ప్యాటర్న్ పేజీలో ఎటు నుంచి మొదలవుతుంది, ఎక్కడ తెగుతుంది అన్నది. చాలామంది ఈ చివరిదాన్ని మర్చిపోతారు. ఎప్పుడూ కింద కుడి మూల నుంచి లేచే ప్యాటర్న్, ఒకసారి పైనుంచి వేలాడితే చూసేవాళ్ళకి ఏదో తేడా కొడుతుంది, ఏంటో చెప్పలేరు.

మారొచ్చన్నది ముఖ్యంగా సైజు. దానికీ ఒక లెక్క ఉంది. కార్డును చేతిలో పట్టుకుని 40 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. స్టాల్ గోడను 4 మీటర్ల నుంచి చూస్తాం. దూరం పది రెట్లు, కాబట్టి ఆకారమూ పది రెట్లు ఉంటేనే కంటికి ఒకే సైజుగా అనిపిస్తుంది. కార్డు మీద ఒక త్రికోణం 4 మి.మీ. ఉంటే గోడ మీద 4 సెం.మీ. ఉండాలి. కార్డు వెడల్పుకూ గోడ వెడల్పుకూ ఉన్న తేడా చూసి పెంచితే అంతకు ఎన్నో రెట్లు పెద్దదైపోతుంది.

ఇదంతా ప్రతిసారీ లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. చిన్నది, మధ్యస్థం, పెద్దది అని మూడు సైజులు గీసి ఇచ్చి, ఏది దేనికో రాసిపెడితే సరిపోతుంది. చిన్న దాన్ని పెద్ద దాని నుంచి కుదించి చేయొద్దు. కొన్ని ఆకారాలు తీసేసి, గీతలు కాస్త లావు చేసి విడిగా గీయండి.

మా విభాగాలన్నీ తమకంటూ వేరే ప్యాటర్న్ కావాలంటున్నాయి. ఇవ్వొచ్చా?

గ్రిడ్, అంటే ఆకారాలు పేర్చే గళ్ళ చట్రం, ఒకటే అయితే ఇవ్వొచ్చు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉన్న మీడియా ల్యాబ్ అనే పరిశోధన కేంద్రం ఈ పని చక్కగా చేసింది. 2014లో పెంటగ్రామ్ అనే డిజైన్ సంస్థ వాళ్ళకు 7×7 గళ్ళ గ్రిడ్ మీద కొత్త గుర్తు చేసింది. ల్యాబ్‌లోని ఒక్కో పరిశోధక బృందానికి అదే గ్రిడ్ మీద ఒక్కో చిహ్నం వచ్చింది. ఏ రెండూ ఒకటి కావు, అయినా అన్నీ ఒకే చోటువని తెలిసిపోతాయి. అంతకు ముందు 2011లో అదే ల్యాబ్ కోసం కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో 40,000 రూపాలు పుట్టించే గుర్తు ఒకటి చేశారు. చూడ్డానికి అద్భుతంగా ఉండేది. అది మూడేళ్ళకే మారిపోయింది.

మామూలు కంపెనీకి అయితే నేను రంగు మార్చే స్వేచ్ఛ ఇచ్చి, ఆకారం జోలికి వెళ్ళనివ్వను.

వెబ్‌సైట్‌లో టైల్స్ మధ్య సన్నటి తెల్ల గీతలు కనిపిస్తున్నాయి. ఎందుకు?

టైల్ అంటే ప్యాటర్న్‌లో పదే పదే పరిచే ఒక ముక్క. ఆ గీతలు దాని కొలత పూర్ణసంఖ్య పిక్సెల్స్‌లో లేకపోవడం వల్ల. టైల్ వెడల్పు 37.5 పిక్సెల్స్ అయితే ఆ సగం పిక్సెల్‌ను బ్రౌజర్ ఏం చేయాలి? టైల్ రంగునూ వెనక రంగునూ కలిపి పులుముతుంది. అదే మీకు కనపడే గీత. ఫోన్‌లో జూమ్ చేసినప్పుడు ఇంకా బయటపడుతుంది.

చతురస్రాల గ్రిడ్ అయితే 40, 48, 60 లాంటి కొలత పెట్టుకుంటే పని అయిపోతుంది. చిక్కంతా షడ్భుజాలతోనూ సమబాహు త్రికోణాలతోనూ. వాటి టైల్‌కు పొడవు, వెడల్పుల నిష్పత్తి 3 వర్గమూలం, అంటే 1.732 చిల్లర. పూర్ణసంఖ్యల్లో కచ్చితంగా ఎప్పటికీ కుదరదు. కానీ 56×97 పిక్సెల్స్ తీసుకుంటే తేడా పిక్సెల్‌లో వందో వంతు కూడా ఉండదు, ఎవరి కంటికీ ఆనదు. మరీ చిన్న టైల్ కావాలంటే 15×26 కూడా నడుస్తుంది.

టైల్ సరిగ్గా అతుకుతుందో లేదో చూడటానికి పాత పద్ధతే మంచిది. టైల్‌ను సగం వెడల్పు, సగం ఎత్తు జరపండి. అంచుల్లో ఉన్నవన్నీ మధ్యకు వస్తాయి, అతుకు దగ్గర తప్పుంటే నడిమధ్యలోనే కనపడుతుంది. వెక్టర్ ఫైల్ (ఎంత పెంచినా అంచులు పదునుగానే ఉండే రకం) అయితే టైల్ వెనక ఒక నేపథ్య రంగు విడిగా పరిచి పెట్టండి, అప్పుడు చీలిక వచ్చినా తెల్లగా మెరవదు.

ప్యాటర్న్ మీద అక్షరాలు పెట్టొచ్చా?

పెద్ద అక్షరాల శీర్షిక అయితే, అదీ ప్యాటర్న్ బాగా లేతగా ఉంటే. పేరాలు వద్దు.

వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు వెనక రంగుతో కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలి. ప్యాటర్న్‌లో రెండు మూడు రంగులుంటాయి కాబట్టి దేనితో కొలవాలి అని అడుగుతారు. అక్షరం రంగుకు దగ్గరగా ఉన్నదానితో కొలవాలి. నల్ల అక్షరాలైతే ప్యాటర్న్‌లో అన్నిటికంటే ముదురు రంగుతో. సగటు తీసి ‘పాస్ అయింది’ అనుకుంటే కుదరదు. పైగా కాంట్రాస్ట్ లెక్క సరిపోయినా, ప్యాటర్న్ గీతలు అక్షరాల గీతలంత మందమే ఉంటే చదవడం కష్టమే. తెలుగు అక్షరాల్లో వంపులు, తలకట్లు, కింద ఒత్తులు ఎక్కువ కాబట్టి వలయాల ప్యాటర్న్ మీద మరీ ఇబ్బంది.

లోగోను ప్యాటర్న్ మీద పెట్టొచ్చా?

వద్దు. మధ్యలో ఒకే రంగు పట్టీ ఉంచి, లోగో దాని మీద పెట్టండి.

ఎంత స్థలంలో వాడాలి?

దీనికి ఒకటే అంకె చెప్పేవాళ్ళను నమ్మకండి. చదవాల్సిన విషయం ఉన్న చోట ప్యాటర్న్ అంచుకు, మూలకు పరిమితం కావాలి. చదవడానికేమీ లేని చోట, అంటే ప్యాకింగ్ లోపలి వైపు, కవరు లోపల, కార్డు వెనక, అంచు నుంచి అంచు దాకా పరిచేయండి. నన్నడిగితే ఈ లోపలి వైపులే ప్యాటర్న్‌కు సరైన చోటు. ఎవరూ ఎదురుచూడని చోట కనపడితే గుర్తుండిపోతుంది. ఒకే దాని మీద ముందూ వెనకా పక్కలా అన్ని చోట్లా నింపితే కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

ప్రింట్‌లో గీతలు కొన్ని చోట్ల మాయమవుతున్నాయి, కొన్ని చోట్ల పూడిపోతున్నాయి. ఏం చేయాలి?

ముదురు నేపథ్యం మీద తెల్ల గీతలు వేశారా? అదే కారణం అయ్యుంటుంది. కాగితం మీద ఇంకు కాస్త పాకుతుంది. నల్ల గీత లావవుతుంది, తెల్ల గీత సన్నబడుతుంది. నాలుగు రంగులు కలిపి వచ్చే ముదురు రంగయితే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా తెల్ల గీత పూడిపోతుంది. తెల్ల కాగితం మీద ముదురు గీతకు 0.25 పాయింట్ (ముద్రణలో మందం కొలిచే ప్రమాణం) కనీస మందంగా పెట్టుకుంటే, ముదురు మీద తెల్ల గీత 0.5కు తగ్గకూడదు. బట్ట మీదో ముడి అట్ట మీదో వేస్తుంటే ఇంకా లావు కావాలి.

తమాషా ఏంటంటే స్క్రీన్ మీద దీనికి రివర్స్. నల్లటి స్క్రీన్ మీద తెల్ల గీత అదే మందంలోని నల్ల గీత కంటే లావుగా కనపడుతుంది. కాబట్టి ముదురు నేపథ్యం ప్యాటర్న్‌కు స్క్రీన్ కోసం గీత కొంచెం సన్నగా, ప్రింట్ కోసం కొంచెం లావుగా, ఇలా రెండు ఫైళ్ళు ఉంటే మంచిది. కొలతలు వేరైనా కంటికి ఒకేలా ఉంటాయి, మనకు కావలసింది అదే.

అంచు దాకా వెళ్ళే ప్యాటర్న్‌కు చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపు గీతకు బయట అదనంగా వదిలే అంచు) ఇవ్వడం మర్చిపోకండి. ఒక్కటే జాగ్రత్త: కత్తిరింపు గీతకు సరిగ్గా సమాంతరంగా, దాని పక్కనే ప్యాటర్న్ గీత రాకుండా చూసుకోండి. కోత అర మిల్లీమీటరు జరిగినా అక్కడ ఇట్టే కనపడుతుంది. వాలు గీతలైతే ఈ టెన్షన్ ఉండదు.

టీషర్టుల మీద ఎంబ్రాయిడరీకి ఈ ప్యాటర్న్ ఇవ్వాలనుకుంటే, రెండు మూడు ఆకారాలు తీసి పెద్దవిగా కుట్టించండి. దారానికి తన మందం తనకుంటుంది.

వాట్సాప్‌లో పంపిన ప్యాటర్న్ మురికిగా వస్తోంది. ఎందుకు?

ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని జేపెగ్ అనే ఫొటో ఫార్మాట్‌లోకి నొక్కేస్తుంది. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెల్స్ గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. ఫొటోలకు అది బాగానే ఉంటుంది గానీ పదునైన అంచుల చుట్టూ దుమ్ము లేపుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్ పంపండి. అవతలి వాళ్ళకు బొమ్మే కావాలంటే పీఎన్‌జీ.

వీడియోలో మా వెనక ఉన్న గోడ అలలు అలలుగా కదులుతోంది. ప్యాటర్న్ తప్పా?

ప్యాటర్న్ తప్పు కాదు, సైజు తప్పు. కెమెరా సెన్సార్‌లో పిక్సెల్స్ కూడా ఒక గ్రిడ్డే. మీ గీతల మధ్య దూరం ఆ గ్రిడ్‌కు దగ్గరగా వస్తే రెండూ కలిసి మూడో డిజైన్‌ను పుట్టిస్తాయి. దీన్ని మోయిరే అంటారు. సన్నటి చారల చొక్కాలు వేసుకుని కెమెరా ముందుకు రావొద్దనేది ఇందుకే. గోడకు పెద్ద సైజు ప్యాటర్న్ వాడండి, మనిషిని గోడకు దూరంగా కూర్చోబెట్టి వెనక కొంచెం మసకబారనివ్వండి.

కెమెరా లేకపోయినా కంటికి మాయ చేసే ప్యాటర్న్లు కొన్ని ఉన్నాయి. నల్ల చతురస్రాల మధ్య తెల్ల దారులు వదిలితే దారులు కలిసే చోట లేని బూడిద చుక్కలు కనపడతాయి. 1870లో లుడిమార్ హెర్మన్ దీన్ని గమనించి రాశాడు. సమాంతర గీతల మీద చిన్న చిన్న ఏటవాలు గీతలు గీస్తే అవి వంకరగా అనిపిస్తాయి, ఇది 1860లో జోల్నర్ చూపించింది. మీ ప్యాటర్న్‌లో ఇలాంటిది ఉంటే ప్రింటర్‌ను ‘గీతలు వంకరొచ్చాయి’ అని తిట్టే ముందు స్కేలు పెట్టి చూడండి. బాగా కాంట్రాస్ట్ ఉన్న సన్నటి చారలు కొందరికి తలనొప్పి తెప్పిస్తాయి, ఫొటోసెన్సిటివ్ ఎపిలెప్సీ (మెరుపులు, చారలు చూస్తే మూర్ఛ వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకు ప్రమాదం కూడా. వాటిని పెద్ద స్క్రీన్ల మీద కదిలించడం అసలే వద్దు.

మా ప్యాటర్న్‌ను ఎవరైనా కాపీ కొడితే చట్టం ఆదుకుంటుందా?

మామూలు గళ్ళు, చారలు అయితే కష్టం. ఫ్రాన్స్ బ్యాగుల కంపెనీ లూయీ విటాన్ వాడే దామియే గళ్ళు 1888 నాటివి. అంత పాతవి, అంత పేరున్నవి. అయినా గోధుమ, లేత గోధుమ రంగుల గళ్ళకు ఉన్న ఐరోపా ట్రేడ్‌మార్క్ రద్దు సరైనదేనని 2015లో ఐరోపా సమాఖ్య జనరల్ కోర్టు తేల్చింది. గళ్ళన్నవి అందరూ వాడే అతి మామూలు డిజైన్ అన్నది కారణం.

అంతకంటే పాఠం చెప్పే కేసు అడిడాస్ మూడు చారలది. 2019లో అదే కోర్టు ‘ఏ దిశలోనైనా మూడు సమాంతర చారలు’ అన్న ఒక నమోదును కొట్టేసింది. ఆ చారలు జనానికి తెలుసని చూపడానికి కంపెనీ బోలెడు ఆధారాలు ఇచ్చింది. వాటిలో చాలా వాటిని కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. నమోదైంది తెల్లటి నేపథ్యం మీద నల్ల చారలు, ఆధారాల్లో కొన్ని నల్లటి దాని మీద తెల్ల చారలు. రంగులు తిరగేస్తే అది నమోదైన గుర్తు కాదంది. వాళ్ళ మిగతా చారల నమోదులు దీనితో పోలేదు గానీ, ‘కాస్త రంగు మారిస్తే ఏమవుతుందిలే’ అనే వాళ్ళకు ఈ కేసు చూపించాలి.

మీరు నమోదు చేయించాలనుకుంటే ఎక్కువగా వాడే రూపాన్నే చేయించండి. ఎప్పుడు, ఎక్కడ వాడారో తేదీలతో నమూనాలు దాచండి. దేశాన్ని బట్టి చట్టం మారుతుంది, లాయర్‌తో మాట్లాడక తప్పదు.

స్టాక్ సైట్‌లో కొన్నది వాడొచ్చా?

స్టాక్ సైట్లంటే రెడీమేడ్ బొమ్మలు అందరికీ అమ్మేవి. అక్కడ కొన్నది ఒక పోస్టర్‌కు వాడుకోండి. కంపెనీ గుర్తుగా వద్దు. రేపు అదే ప్యాటర్న్‌ను మీ పోటీదారు కొనుక్కుంటే మీరేం అనలేరు. ట్రేడ్‌మార్క్‌గా వాడటాన్ని లైసెన్సుల్లో చాలా వరకు నిషేధిస్తారు కూడా. గణితం నుంచి వచ్చిందే కదా, అందరిదీ అనుకోవద్దు. గణితవేత్త రోజర్ పెన్‌రోజ్ రూపొందించిన పెన్‌రోజ్ టైలింగ్ అనే అమరికను టాయిలెట్ పేపర్ మీద వాడారని 1997లో బ్రిటన్‌లో కేసు పడింది.

ఏఐతో చేయించుకుంటే?

ఆలోచనల కోసం బాగుంటుంది. కానీ బొమ్మలు వేసే టూల్స్ కొలతలు పాటించవు. దూరం నుంచి వరుసగా కనపడే వలయాలు దగ్గరికెళ్తే ఒకటి పెద్ద, ఒకటి చిన్న, అంచులు అతకవు. నచ్చినదాన్ని పక్కన పెట్టుకుని గ్రిడ్ మీద మళ్ళీ గీయించండి.

తెలియకుండా తప్పుడు అర్థం వచ్చే ప్రమాదం ఉందా?

ఉంది. ఎల్ ఆకారాల్ని నాలుగు వైపులా తిప్పి పేరిస్తే స్వస్తిక్ వస్తుంది. ఒక చోట శుభం, ఇంకో చోట నాజీల గుర్తు. టైల్ ఒక్కదాన్నే చూస్తే కనపడదు, నాలుగు టైల్స్ కలిసే చోట కనపడుతుంది. కాబట్టి పరిచి చూడండి, 45 డిగ్రీలు తిప్పి చూడండి, కళ్ళు సగం మూసి చూడండి. ఖాళీల్లో ఏ ఆకారం పుడుతోందో కూడా గమనించండి. ఈ పనికి ప్యాటర్న్ గీసినవాళ్ళు పనికిరారు, మొదటిసారి చూసేవాళ్ళను పిలవండి.

ప్యాటర్న్ పాతబడిపోయినట్టుంది. మార్చేద్దామా?

ఎవరికి పాతబడింది? రోజూ దాన్నే చూసే ఆఫీసు వాళ్ళకి మొదట విసుగొస్తుంది. బయటివాళ్ళు అప్పుడప్పుడే గుర్తుపట్టడం మొదలుపెడతారు. లూయీ విటాన్ పేరులోని అక్షరాలతో చేసిన మోనోగ్రామ్ ప్యాటర్న్ 1896 నుంచి ఉంది. కొత్తదనం కావాలంటే సైజు, కోత, రంగుల జతలో ఒకటి మార్చి చూడండి. గ్రిడ్, నిష్పత్తి కదపకండి.

మార్చక తప్పని సందర్భం ఒకటుంది. కంపెనీ లోగోనే మారితే, పాత లోగో వాలు మీద కట్టిన ప్యాటర్న్ అనాథ అవుతుంది. అప్పుడు రెండూ కలిపి మార్చండి.

మాకు డిజైనర్ లేరు. కనీసం ఏం పెట్టుకోవాలి?

ఒక డిజైనర్‌తో ఒక్కసారి చేయించుకుని ఇవి తీసుకోండి: వెక్టర్‌లో మాస్టర్ టైల్, మూడు సైజులు, లేత, ముదురు నేపథ్యాలకు ఒక్కొక్కటి, మీరు వాడే స్లయిడ్ సైజుకు ముందే కత్తిరించిన పీఎన్‌జీలు. దానితో పాటు ఒకే ఒక్క పేజీ. అందులో సరిగ్గా వాడిన నాలుగు బొమ్మలు, తప్పుగా వాడిన నాలుగు బొమ్మలు ఉంటే చాలు. అరవై పేజీల గైడ్‌లైన్స్ ఎవరూ తెరవరు. ఫైల్ పేరులోనే పని రాయండి: ‘కార్డు-చిన్నది-ముదురు’ అని ఉంటే అడగకుండానే సరైనది తీసుకుంటారు. ‘ఫైనల్-కొత్తది-2’ అని ఉంటే ప్రింటర్ దగ్గరికి ఏది వెళ్తుందో మీకే తెలియదు. పాత ఫైళ్ళను అదే ఫోల్డర్‌లో ఉంచకుండా తీసేయండి.